స్కానులో ఏమీ కనపడలేదు

మా నాయన నా నోరు వాసన చూసిన రోజు సంత రోజు. కడత్తూరులో సంత అంటే చుట్టుపక్కల పల్లెల జనమంతా మా వీధిలోనే ఉంటారు. మాది మళిగ అంగడి, అంటే పప్పూ ఉప్పూ చింతపండూ బెల్లమూ అమ్మే కొట్టు. మా పెద్దలు ఏ తెలుగు ఊరి నుంచి ఈ తమిళ సీమకు వచ్చి స్థిరపడ్డారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాత పలక మీద దిద్దించిన అక్షరాలు నా చేతిలో నిలిచాయి కాబట్టి ఇది తెలుగులో రాయగలుగుతున్నాను.

ఆ పొద్దున ఒక పెద్దావిడకు కందిపప్పు తూస్తున్నాను. ఎడమ కంటి మూల ఒక వెలుగు మొదలైంది. రంపపు పళ్లలా అంచులున్న వెలుగు అది. మెల్లగా పెరుగుతూ అడ్డంగా పాకుతుంది. తూకం మిషను మీద అంకెల్లో సగం మాయమయ్యాయి. ఆ వెలుగు వచ్చిందంటే కాసేపటికి కుడివైపు కణతలో నొప్పి మొదలవుతుందని నాకు ఇరవై ఏళ్ల వయసు నుంచీ తెలుసు. కొన్ని నెలలుగా దానికి ఇంకొకటి తోడైంది. నాలుక నా మాట వినడం లేదు. పెద్దావిడ ఎంతయిందని అడిగింది. నేను ఒకటి చెప్పబోతే నోట్లోంచి ఇంకొకటి వచ్చింది. మళ్లీ చెప్పబోయాను. ఈసారి వచ్చింది మాటే కాదు. ఆవిడ నా ముఖంలోకి వింతగా చూసింది. ఆమె వెనకాల నిలబడ్డ ఒకాయన, మా దగ్గరే ఖాతా ఉన్నవాడు, నవ్వాడు.

నేను బస్తాలు ఆసరాగా పట్టుకుని లేచి పక్క సందులోకి పోయి, కాలువ దగ్గర కూలబడి వాంతి చేసుకున్నాను. వెనకనుంచి ఆయన గొంతే వినిపించింది. "కాలంగాత్తాలయే పోట్టుట్టాన్ పోలిరుక్కు." పొద్దుపొద్దున్నే పట్టించినట్టున్నాడు అని.

లోపల లెక్క చూసుకుంటున్న మా నాయన బయటికి వచ్చాడు. ఆయనకు డెబ్బై దాటాయి. నన్ను లేపుతాడనుకున్నాను. లేపలేదు. మోకాళ్లు పట్టుకుని నా ముందు వంగాడు.

"నోరు తెరువు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఊదు."

ఊదాను. ఆయన ముక్కు నా పెదవుల దాకా వచ్చింది. సంత జనం సందు మొదట్లో నిలబడి చూస్తున్నారు. నలభై అయిదు దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లలను కాలేజీలో చదివిస్తున్నవాణ్ణి, కాలువ పక్కన కూర్చుని నాన్న ముఖంలోకి ఊదాను. వాంతి వాసన తప్ప ఇంకేమీ వచ్చి ఉండదు. ఆయన లేచి, పంచె దులుపుకుని, పోయి పెద్దావిడకు పప్పు పొట్లం కట్టి ఇచ్చాడు. ఏం వాసన వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. వాసన చూసినందుకు కాదు నాకు అంత బాధ కలిగింది. చూసి కూడా ఏమీ చెప్పనందుకు.

ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. మా చిన్నాయన తాగి తాగి పోయాడు. ఆయన కూడా పగటిపూట గోదాములో బస్తాల మధ్య పడుకునేవాడు, వెలుగు పడదని కిటికీకి గోనెసంచి కట్టేవాడు, అడిగితే తల నొప్పి అనేవాడు. నేనూ అదే గోదాములో, అదే కిటికీకి గోనెసంచి కట్టుకుని, తడి తువాలు తలకు చుట్టుకుని పడుకుంటాను. నాయన కళ్లకు తమ్ముడే కనపడి ఉంటాడు.

మా అంగడి లాంటి చోటు ఈ జబ్బున్న పగవాడికి కూడా వద్దు. ఎండు మిరపకాయల ఘాటు, ఇంగువ వాసన, పొద్దంతా వెలిగే ట్యూబులైటు. నొప్పి వచ్చినప్పుడు కొబ్బరినూనె డబ్బా మూత తీసినా నాకు కడుపులో తిప్పుతుంది. మా ఆవిడది బి. మల్లాపురం, వాళ్లదీ అంగడే. అందుకని తూకం, బేరం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. నేను గోదాములో పడి ఉంటే ఆమె బియ్యం బస్తా ఈడ్చే చప్పుడు గోడ అవతలినుంచి వినిపించేది. ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకుని పడుకోవడం నొప్పికంటే కష్టంగా ఉండేది. ఎండలో పనిచేసేవాడా, బరువు మోసేవాడా, నీడలో కూర్చునేవాడికి తలనొప్పేమిటని బంధువుల్లో ఒకావిడ అన్నదట. ఆ మాట మా ఆవిడ నాకు చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు.

అందుకే మాత్రలకు అలవాటుపడ్డాను. మొదట్లో నొప్పి వస్తేనే వేసుకునేవాణ్ణి. తర్వాత రాబోతోందని అనిపిస్తే వేసుకున్నాను. చివరికి అంగడి షట్టరు ఎత్తకముందే కాఫీతో ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. మందులషాపు అతను నన్ను చూడగానే అడక్కుండానే అట్ట తీసి పెట్టేవాడు.

సందులో జరిగింది మా ఆవిడకు సాయంత్రానికి తెలిసింది. మరుసటి రోజే ధర్మపురిలో నరాల డాక్టరు ఒకామె ఉందని కనుక్కుని వచ్చి, పోయి చూపించుకోమంది. తను అంగడి చూసుకుంటానంది. నాయన చెప్పులు తొడుక్కుంటూ, నేనూ వస్తాను అన్నాడు. డాక్టరు నాతో ఏం చెబుతుందో తన చెవులతో వినాలని ఆయనకు ఉందని నాకు తెలుసు.

డాక్టరు నాకంటే చిన్నది. ఓపికగా అన్నీ అడిగింది. ఎప్పటినుంచి, ఏ వైపు, ఎంతసేపు, వెలుగు ఎలా ఉంటుంది, మాట ఎప్పటినుంచి తడబడుతోంది. మా అమ్మకు ఉండేదా అని అడిగితే నాయన చెప్పాడు, ఉండేదట, నెలకొకసారి తలకు గుడ్డ కట్టుకుని పడుకునేదట. నాకది అంతవరకూ తెలియదు. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసింది, పళ్లు చూపించమంది, చేతులు చాచమంది, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టింది. అన్నీ బాగానే చేశాను. తర్వాత నేల మీద టైల్సు కలిసే గీత చూపించి, మడమకు కాలివేలు ఆనించి ఆ గీత మీదే నడవమంది.

అది తలకు సంబంధించిన పరీక్షేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం రోడ్డు పక్కన పోలీసులు తాగినవాణ్ణి నడిపించడమే గుర్తొచ్చింది. కుర్చీలో నాయన. ఆయన చూపు నా పాదాల మీద. రెండు అడుగులు బాగానే వేశాను, ఆ తర్వాత తూలాను. నొప్పి లేదు, తల తిరగడమూ లేదు. ఆయన చూస్తున్నాడని తూలాను. డాక్టరు ఇంకోసారి నడవమంది, ఈసారి సరిగ్గా నడిచాను. ఆమె కూర్చుని రాసుకుంటూ, అందరినీ అడిగినట్టే, తాగే అలవాటు ఉందా అని అడిగింది. లేదన్నాను. అంటూనే నా కళ్లు నాయన వైపు పోయాయి. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

ఇది మైగ్రేనే అని డాక్టరు చెప్పింది. తమిళంలో ఒత్తత్తలవలి అంటారు, ఒంటి తలనొప్పి. పరీక్షల్లో చెడు గుర్తులేమీ లేవు, ఈ జబ్బున్న వాళ్లందరికీ స్కాను అక్కరలేదు, కానీ నొప్పి తీరు మారింది, దాదాపు రోజూ వస్తోంది, మాట కొత్తగా తడబడుతోంది, వయసు కూడా నలభై అయిదు దాటింది, కాబట్టి ఒక్కసారి ఎమ్మారై తీసి చూసుకుంటే నిశ్చింత అంది. రక్తపరీక్షలు కూడా రాసింది.

నాకు సంతోషమైంది. ఇది రాయడానికి ఇప్పటికీ చేయి వెనకాడుతోంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా తలలో ఏదో దొరుకుతుందని ఊహించుకున్నాను. పెద్దది కాదు, నిమ్మగింజంత. తీసెయ్యడానికి వీలైన చోట. ఆపరేషను, గుండు, తలకు కట్టు. సంచిలో ఆపిల్ పళ్లు పట్టుకుని జనం చూడ్డానికి వస్తారు. ఆ రోజు నవ్వినాయన కూడా వస్తాడు, మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు నములుతాడు. నాయన నా చేయి పట్టుకుని కూర్చుంటాడు. చెవి వెనక కుట్ల గుర్తు ఉంటుంది. ఎవరైనా ఏమైనా అంటే తల తిప్పి చూపిస్తే చాలు. కడత్తూరు వచ్చేదాకా ఇదే ఊహ. పక్కన నాయన కునుకు తీస్తున్నాడు. ఇంట్లో మా ఆవిడ ఆ వారమంతా దీపం దగ్గర రోజూకంటే ఎక్కువసేపు నిలబడింది.

స్కానుకు కూడా నాయనే వచ్చాడు. ఆ గది చల్లగా ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని చెప్పింది. ఉంగరం, గడియారం, బెల్టు తీశాను. మొలతాడు కూడానా అని అడిగితే, దానికి వెండి తాయెత్తు ఉంటే అదీ తీయాలంది. తెర వెనక్కు పోయి దాన్ని కిందికి జార్చి తీశాను. పసితనం నుంచీ నడుముకు ఉన్న తాడు లేకపోతే మనిషికి బట్టలున్నా లేనట్టే ఉంటుంది. వాళ్లిచ్చిన గౌను వీపు దగ్గర తెరిచి ఉంది. వెనక ముడులు నాకు అందలేదు. నాయన వచ్చి కట్టాడు.

పడుకోబెట్టి, చెవుల పక్కన మెత్తలు దోపి, ముఖం మీద జల్లెడ లాంటిది దించి, చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెట్టారు. భయం వేస్తే నొక్కమన్నారు. బల్ల లోపలికి జరిగింది. ముక్కుకు పైన జానెడు కూడా ఖాళీ లేదు. మొదట తలుపు తట్టినట్టు చప్పుడు, ఆ తర్వాత మా వైపు పొలాల్లో బోరు వేసే బండి రాయి తొలిచినట్టు చప్పుడు. నేను బుడ్డి నొక్కాను. బయటికి లాగారు. ఆ అమ్మాయి పరవాలేదని చెప్పి మంచినీళ్లు ఇచ్చింది. రెండోసారి చప్పుడు మొదలు కాకముందే నొక్కాను. వీపు కింద గౌను తడిసిపోయింది, కళ్లలో నీళ్లు. నాకంటే ముందు లోపలికి పోయిన ఒక ముసలమ్మ అందులో నిద్రపోయి, లేపితే లేచి వచ్చింది. ఆమె ఇంకా బయట బెంచీ మీదే ఉంది. తలుపు సందులోంచి నన్ను జాలిగా చూస్తోంది.

తోడు వచ్చినవాళ్లు ఎవరైనా లోపల కాళ్ల దగ్గర కూర్చోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. వాళ్లు కూడా ఒంటి మీది లోహమంతా తీసెయ్యాలి. నాయన చెప్పులు విడిచాడు, చొక్కా జేబులో చిల్లర తీశాడు. మొలతాడు దగ్గర ఆగిపోయాడు. ఆయన పొట్టకు అది బిగుసుకుపోయి ఉంది, జారదు. దానికున్న తాయెత్తు ఆయన తల్లి కట్టినది.

"ఇది తీసేది ఆ పొద్దేనమ్మా" అని ఆయన తమిళంలో ఆ అమ్మాయితో అన్నాడు. పాడె కట్టే రోజున తప్ప మొలతాడు తెంచరని మా ఇళ్లలో నమ్మకం. అట్లయితే బయటే కూర్చోండి తాతా, అంది ఆ అమ్మాయి. ఆయన కొంచెంసేపు నిలబడ్డాడు. బల్ల మీద కూర్చుని ముఖం తుడుచుకుంటున్న నన్ను చూశాడు. తర్వాత, కత్తెర ఉందా అని అడిగాడు.

ఆమె తెచ్చి ఇచ్చింది. తానే కత్తిరించుకున్నాడు. తాయెత్తును కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, ఆమె పట్టుకున్న పళ్లెంలో పెట్టాడు.

మూడోసారి బల్ల లోపలికి పోయినప్పుడు నా కుడి పాదం ఆయన చేతిలో ఉంది. బస్తాలు మోసి మోసి గరుకెక్కిన చేయి. చప్పుడు పెరిగినప్పుడల్లా బొటనవేలితో అరికాలు నొక్కుతున్నాడు. నేను కళ్లు తెరవలేదు, బుడ్డి నొక్కలేదు. చిన్నప్పుడు కూడా ఆయన నన్ను అంతసేపు ముట్టుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. సిగ్గుతో నా ఒళ్లంతా కాలింది. అయినా ఆ చేయి తీసేస్తాడేమోనని భయపడ్డాను.

బయటికి వచ్చాక ఆయన నా గౌను ముడులు విప్పుతూ మొదటిసారి అడిగాడు.

"నొప్పి శానా ఉంటుందా?"

"ఉంటుంది నాయనా" అన్నాను.

ఫలితం చెప్పే రోజున మా ఆవిడ అంగడికి తాళం వేసింది. పండగ రోజు కూడా సగం షట్టరు తెరిచే మనిషి. ముగ్గురం పోయాం. డాక్టరు గదిలో ఆమె నా పక్కన కూర్చుని, కొంగు చివర వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. డాక్టరు స్కాను తీసిన నల్లటి పటాన్ని వెలుగున్న పెట్టె మీద పెట్టి చూసింది, కాగితం చదివింది, మళ్లీ పటం చూసింది. నార్మల్ అంది. గడ్డ లేదు, రక్తస్రావం లేదు, నరాల్లో అడ్డు లేదు. రక్తపరీక్షలు కూడా బాగున్నాయి.

మా ఆవిడ రెండు చేతులూ జోడించి అట్లాగే ఏడ్చేసింది. నాయన గట్టిగా ఊపిరి వదిలాడు. నేను ఒక్కణ్ణే అడిగాను, సరిగ్గా చూశారా అని. డాక్టరు చూశానంది. ఇంతకంటే బాగా తెలిసే స్కాను ఇంకేదైనా ఉందా అని కూడా అడిగాను. పెద్ద ఊళ్లో ఎక్కడైనా ఉంటే పోతామన్నాను. అప్పుడు మా ఆవిడ ఏడుపు ఆపి నా వైపు తిరిగింది. నా ముఖంలో ఉన్నది ఆమెకు తెలిసిపోయింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అట్లా చూడలేదు.

డాక్టరుకు కూడా తెలిసినట్టుంది. ఈ స్కాను పెద్ద జబ్బు లేదని చెబుతుంది, అంతే, నొప్పి లేదని ఏ స్కానూ చెప్పదు అంది. నొప్పి నిజమేనని, దానికి మందు ఉందని చెప్పింది. తర్వాత నొప్పి మాత్రలు వారానికి ఎన్ని వేసుకుంటారని అడిగింది. పోయినసారి ఈ ప్రశ్నకు, ఎప్పుడైనా ఒకటి అని నాయన ముందు చెప్పాను. మళ్లీ అదే చెప్పాను. మా ఆవిడ నా వైపు చూడకుండా, తలుపు వైపు చూస్తూ, రోజూ రెండు, ఒక్కోనాడు ఇంకా ఎక్కువ అని చెప్పేసింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. అన్ని మాత్రలు వేసుకుంటే ఆ మాత్రలే రోజూ నొప్పి తెస్తాయని, అప్పుడప్పుడూ వచ్చే జబ్బు రోజువారీ జబ్బుగా మారడానికి అదే కారణమై ఉండవచ్చని నెమ్మదిగా వివరించింది. అవి మానాలి. మానిన మొదటి రోజుల్లో నొప్పి ఎక్కువవుతుంది, తట్టుకోవాలి. నొప్పి రాకుండా ఆపే వేరే మందు రాసిచ్చింది. అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందంది. అంటే గోదాములో గడిచిన పగళ్లలో సగం నేను చేతులారా తెచ్చుకున్నవే. నేను తాగానేమో అని నాయన అనుకున్నది తప్పు. కానీ రోజూ ఏదో మింగకుండా అంగడి తెరవలేని మనిషిని అన్నది మాత్రం నిజం. ఆ గదిలో ముగ్గురి మధ్య కూర్చుని ఎటు చూడాలో తెలియక గోడ మీద ఉన్న మెదడు బొమ్మను చూశాను.

బస్సులో పటం ఉన్న పెద్ద కవరు మా ఆవిడ ఒళ్లో ఉంది. నలగకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఇంటికి వచ్చి, అన్నం వార్చి, నాయనకు పెట్టి, ఆయన పోయి పడుకున్నాక వంటింట్లో నా ముందు కూర్చుంది.

"ఏమీ లేదని ఆమె చెప్తానే మీ మొగం వాడిపోయింది" అంది.

నేను కంచంలో అన్నం కలుపుతున్నాను.

"నేను చూసినాను. ఈ వారమంతా నాకు అన్నం సయించలేదు. నా పసుపుకుంకుమ ఏమయితాయో అని గుండె పట్టుకోని కూర్చోనుంటి. మీరేమో తలకాయలో ఏమన్నా ఉండుంటే బాగుండునని కోరుకుంటా ఉంటిరి."

కాదు అనాలి. కాదు అంటే నమ్మదు. నమ్మినా అది అబద్ధం. కంచంలో చేయి అట్లాగే పెట్టుకుని కూర్చున్నాను. ఆమె లేచి పోయింది. తర్వాత కొన్ని రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది, అన్నీ అంగడి మాటలే.

మరుసటి ఉదయం నేను లేచి ముందు వైపు వచ్చేసరికి అంగడి దగ్గర నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. నాయన ఆ పటాన్ని కవరులోంచి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఇది నా కొడుకు తలకాయ, చూడండి అని తమిళంలో చెబుతున్నాడు. ధర్మపురిలో తీశారు, పెద్ద మిషను, నేను కూడా లోపలికి పోయాను. ఒక్కొక్క గడిలో నా తల ముక్కలు ముక్కలుగా, కోసిన కాబేజీలా ఉంది. జనం తలలు వంచి చూస్తున్నారు. ఆ రోజు నవ్వినాయన కూడా ఉన్నాడు. దగ్గరికి వచ్చి పటం అంతా పరిశీలనగా చూసి అన్నాడు.

"ఇదుల ఒన్నుమే ఇల్లయే, పెరియవరే." ఇందులో ఏమీ లేదే పెద్దాయనా, అని.

అందరూ నవ్వారు. నాయనకు మొదట అర్థం కాలేదు. అవును, ఏమీ లేదు, డాక్టరమ్మ కూడా అదే చెప్పింది అని సంతోషంగా అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. అప్పుడు అర్థమైంది ఆయనకు. పటం కిందికి దిగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు.

ఆయన పటాన్ని మెల్లగా కవరులో పెట్టాడు. తలెత్తకుండా, వాళ్లకు వినపడేంత గొంతుతోనే చెప్పాడు. ఆ రోజు కాలువ దగ్గర నేను వాడి నోరు వాసన చూసినాను. మీరందరూ చూస్తిరి. వాడి దగ్గర ఏ వాసనా రాలేదు. ఆ పొద్దే నేను ఇక్కడికి వచ్చి మీకు చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎవరూ నవ్వలేదు. ఒకామె ఉప్పు ప్యాకెట్టు అడిగింది. నాయన తీసి ఇచ్చాడు. నవ్వినాయన తనకు కావలసిన బెల్లం కూడా అడగకుండానే వెళ్లిపోయాడు. నా పరువు నిలబెట్టడానికి డెబ్బై దాటిన మనిషి నడివీధిలో తన పరువు తీసుకున్నాడు. నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆ నవ్వు నా మీద పడ్డప్పటికంటే, ఆయన తల వంచి నిలబడ్డప్పుడు ఎక్కువ సిగ్గేసింది.

మాత్రలు మానిన రోజులు డాక్టరు చెప్పినట్టే గడిచాయి. గోదాములో గోనెసంచి కట్టిన కిటికీ కింద పడుకుని, ఒక్కటి వేసుకుంటే పోతుందని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకరోజు గోడ పట్టుకుని లేచి మందులషాపు దాకా పోయాను కూడా. అతను అలవాటుగా అట్ట తీయబోయి, నా వెనక ఎవరినో చూసి ఆగాడు. నాయన. నా వెంటే వచ్చాడు. పక్కన నిలబడ్డాడు. నేను వట్టి చేతులతో తిరిగి వచ్చాను. కొంచెం దూరం నడిచాక ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. దారిలో పలకరించిన వాళ్లకు, వీడికి ఒంట్లో బాగాలేదు అని చెప్పాడు. అంతే చెప్పాడు.

వారాలు గడిచాయి. కొత్త మందు పనిచేసింది. పూర్తిగా పోలేదు, పోదని కూడా డాక్టరు ముందే చెప్పింది. కానీ నొప్పి లేని పొద్దులు వరసగా రావడం మొదలైంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం, అంగడిలో ఎవరూ లేని వేళ, మా ఆవిడ చేటలో చింతపండు వేసుకుని గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తీయడం మొదలుపెట్టాను. గింజలు తీస్తూనే చెప్పాను. చచ్చిపోవాలని కోరుకోలేదు, నలుగురికీ చూపించడానికి ఏదో ఒకటి ఉంటే బాగుండునని అనుకున్నాను అని. నాయనకు, ఊళ్లోవాళ్లకు, ఆమెకు కూడా.

ఆమె వేళ్లు ఆగలేదు.

"నాకెందుకు చూపియ్యాల? ఇన్నేండ్లు మీ పక్కన్నే ఉండాను గదా. మీకు నొప్పి వచ్చేది మీకన్నా ముందు నాకు తెలుస్తుంది, మీ మాట గొంతులోనే మారిపోతుంది."

"మరి నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"మీరు అడిగినారా? గోదాములోకి పోయి తలుపేసుకునేది, బయటికొచ్చి ఏమీ లేదనేది. ఏమీ లేదని మొదట చెప్పింది మీరే. డాక్టరమ్మ కాదు."

బయట ఎవరో బెల్లం కావాలని పిలిచారు. ఆమె చేతులు తుడుచుకుని లేవబోయింది. నేను పోతానన్నాను. వద్దు, బయట వెలుతురు ఎక్కువగా ఉంది, కాసేపు లోపలే ఉండి రండి అని ఆమే పోయింది. నేను చేట ముందు కూర్చుని, మిగిలిన గింజలు తీస్తూ ఉండిపోయాను.